అరిగిన రబ్బరు

అశోక్‌నగర్‌లో రోడ్డు మీదికున్న తన బాల్కనీని ప్రభావతి రోజూ పొద్దున్నే తడిబట్టతో తుడిచేది. బట్ట నల్లబడగానే బస్సుల పొగను తిట్టిపోసేది. భర్త బాలకిషన్ వంత పాడేవాడు. ఆయన సందు చివరి పాలబూత్‌కు కూడా స్కూటర్ మీదే వెళ్లేవాడు. కుదుపులుండవని టైర్లలో గాలి తక్కువ కొట్టించేవాడు.

2012 ఎండాకాలంలో టైరు మార్పించి, నున్నగా అరిగిన పాతదాన్ని మొక్క పెట్టుకొమ్మని ఇంటికి తెచ్చాడు.

"ఇగో, దీని మీది గీతలేవి?" అంది ప్రభావతి.

"గాలి తక్కువుంటె జల్ది అరుగుతదట."

"అరిగిన రబ్బరంత ఏడికి పోయింది మరి?"

బాలకిషన్ టైరును వేలితో రాసి, నల్లబడిన వేలినీ ఆమె చేతిలోని నల్లటి బట్టనూ మార్చి మార్చి చూశాడు.

మర్నాడు టైర్లలో నిండా గాలి కొట్టించి, పాలకు నడిచి వెళ్లాడు. బట్ట మళ్లీ నల్లగానే అయింది. ప్రభావతి బస్సులను తిట్టింది. ఈసారి ఆయన వంత పాడలేదు.