పూర్తి చేయకూడని ఆకు

డెబ్బైల చివర, ఒక సెప్టెంబరులో, చేతిపనుల బృందంతో పాటు నన్ను సోవియట్ ఉజ్బెకిస్తాన్‌కు పంపారు. అప్పుడు నేను నరసాపురంలో ఒక లేసు సహకార సంఘానికి గ్రేడింగ్ సూపర్‌వైజర్‌ని. ఊళ్ళలో ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర అల్లిన లేసును కొలిచి, గళ్ళు లెక్కపెట్టి, ఫస్ట్, సెకండ్, రిపేరు అని మూడు కుప్పలు వేయడం నా పని. తప్పు దొరికినచోట ఎర్ర దారం కట్టి వెనక్కి పంపేదాన్ని. దేవుడు సృష్టిని సగంలో వదల్లేదనీ, ముగించి, బాగుందని చూసుకున్నాకే విశ్రమించాడనీ సండే స్కూల్లో నేర్చుకున్నదాన్ని. సగం అల్లికతో వచ్చినవాళ్ళను ఆ సంగతి వినిపించకుండా పంపేదాన్ని కాదు.

సంప్రదాయ జీవితం చూపిస్తామని మమ్మల్ని నూరాతా కొండల్లో ఒక ఊరికి తీసుకెళ్ళారు. మేము దిగింది పెళ్ళివారింట్లో. పెళ్ళికూతురు గుల్నోరా, మర్నాడే పెళ్ళి. గోడ నిండా సూజనీ వేలాడుతోంది. పెళ్ళికూతురు అత్తారింటికి పట్టుకెళ్ళే కుట్టుపని దుప్పటి అది. వాళ్ళ మామ్మ రెండేళ్ళు కూర్చుని కుట్టిందట. దానిమ్మపళ్ళు, తీగలు, అన్నీ గొలుసు కుట్టే. అదీ మా లేసు సూదిలాంటి కొక్కెం సూదితో. అలవాటు కొద్దీ నా చూపు అంచు వెంబడి నడిచింది. కింది మూలలో ఒక ఆకు సగమే నిండి ఉంది.

నాతో వచ్చిన ఉప్పాడ నేత పనివారు సూర్యారావుగారు నన్ను కనిపెట్టేశారు.

"ఏంటి మేడమ్‌గారూ, పెళ్ళింట్లో కూడా ఇన్‌స్పెక్షనేనాండీ?"

హడావిడిలో మామ్మ మర్చిపోయి ఉంటుంది, నలుగురిలో మాట పడుతుందేమో అనుకున్నాను. ఆడవాళ్ళంతా పెరట్లో రొట్టెలు కాలుస్తున్నారు. మా దుబాసీ వాకిట్లో సిగరెట్టు కాలుస్తున్నాడు. సూదీ, ఆకుపచ్చ పట్టుదారమూ పక్క బుట్టలోనే ఉన్నాయి. పది నిమిషాల్లో ఆకు నింపి, ముడి కనబడకుండా దాచాను. ఫస్ట్ క్వాలిటీ.

రొట్టెలతో లోపలికి వచ్చిన మామ్మ ఆ ఆకును చూసి, రొట్టెలు పక్కన పెట్టి, వేలితో దాన్ని రాసి చూసి కేకపెట్టింది. గుల్నోరా ముఖం పాలిపోయింది. దుబాసీని పిలిస్తే విషయం తెలిసింది. పెళ్ళి దుప్పటిలో ఒకచోట కావాలనే వదిలేస్తారట. అంతా కుట్టేస్తే ఆ పిల్ల ముందున్న మంచి రోజులు కూడా అయిపోయినట్టేనట. ముగించడం ఎవరి వంతో కూడా మామ్మ చెప్పింది. దేవుడి పేరెత్తని కమ్యూనిస్టు పార్టీ మనిషి కావడంతో దుబాసీ ఆ మాట దగ్గర దగ్గి, "పెద్దల వంతు" అన్నాడు. మామ్మ వేలు పైకి చూపిస్తోంది కాబట్టి ఏ పెద్దలో నాకు అర్థమైంది. నేను నేర్చుకున్న వాక్యంలోనూ ముగించింది దేవుడే, మనిషి కాదు.

విప్పేస్తానని కత్తెర అడిగాను. మామ్మ నా చేతి మీద ఒక్కటి వేసింది. పెళ్ళిబట్టలో కుట్టు విప్పడం ఇంకా కీడట. కాసేపు ఆలోచించి ఆవిడే దారి చెప్పింది: అంచు పక్కన కొత్త ఆకు మొదలుపెట్టి సగంలో ఆపాలి, అదీ తప్పు చేసిన చేతితోనే. మొదలుపెట్టడం తేలికే. సగానికి వచ్చినా నా చెయ్యి ఆగలేదు. మామ్మ సూది లాగేసుకుంది. అప్పుడు నవ్వింది గుల్నోరా.

ఎవరికైనా కానుకగా ఇవ్వడానికని నరసాపురం నుంచి తెచ్చుకున్న లేసు బల్లగుడ్డ ఆ అమ్మాయికి ఇచ్చాను. మామ్మ దాన్ని వెలుగుకు పట్టి, నాకంటే శ్రద్ధగా చుట్టూ తడిమింది. ఎక్కడా వెలితి లేదు. చివరి ముడి గోటితో విప్పి, ఒక గొలుసు ఊడదీసి, అప్పుడు మనవరాలి చేతిలో పెట్టింది.

"సెకండ్స్‌లోకి పోయిందండి," అన్నారు సూర్యారావుగారు.

తిరిగి వచ్చాక నా బల్ల దగ్గర ఒక్క పద్ధతి మార్చాను. ఎర్ర దారం కట్టేముందు, ఇలా ఎందుకు వదిలారని అల్లినావిడను అడిగేదాన్ని. ఎక్కువసార్లు వచ్చిన జవాబు "మర్చిపోయానండి" అనే. అప్పుడు దారం కట్టేదాన్ని. కానీ అడిగాకే కట్టేదాన్ని.