పసుపు కార్డు బోన్లు

మా ఆడపడుచును పనిచోట అందరూ తుమ్ములక్క అంటారు. మందుల పరిశోధన చేసేచోట ఎలుకల బోన్లు కడగడం ఆమె పని. బోన్లలోని రంపపు పొట్టు కదిలించిందంటే చాలు, వరసగా పది తుమ్ములు. అందుకే అలర్జీ బిళ్ల వేసుకోనిదే పనిలోకి దిగదు.

రెండేళ్ల కిందట ఆమె రొమ్ములో గడ్డ తీసేశారు. ఒంట్లో హార్మోన్ తిని పెరిగే రకం క్యాన్సరట. మళ్లీ రాకుండా హార్మోన్‌ను తగ్గించే బిళ్ల రోజూ మింగమన్నారు. దాంతో కీళ్లన్నీ పట్టేసేవి. పొద్దున్నే బకెట్ ఎత్తాలంటే ఏడుపే.

ఈలోగా అలాంటి క్యాన్సరే ఉన్న ఎలుకల మీద ఆమె వేసుకునే అలర్జీ మందును పరీక్షించడం మొదలుపెట్టారు. బోనుకో రంగు కార్డు. ఏ రంగుకు ఏ మందో పెద్ద మేడమ్ కవర్లో పెట్టి అంటించేసింది. పరీక్ష ముగిసేదాకా ఎవరికీ తెలియకూడదు. తుమ్ములక్క మాత్రం తనంతట తనే తేల్చేసుకుంది. పసుపు కార్డు ఎలుకలు చలాకీగా తిరుగుతున్నాయి, గడ్డలు చిన్నగా ఉన్నాయి, కాబట్టి అవి మింగేది తన అలర్జీ మందే!

కవరు తెరిచిన రోజు వస్తూనే వంటగది గడప మీద కూలబడింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"వదినా, పసుపు వాటికి హార్మోన్ తగ్గించే మందూ, అలర్జీ మందూ రెండూ కలిపి ఇచ్చారంట. ఒట్టి అలర్జీ మందు ఇచ్చినవి నీలం కార్డువి. వాటి గడ్డలు పెరిగిపోయాయి."

"ఎలుకల గొడవ మనకెందుకే?"

"హార్మోన్ బిళ్ల మానేసి ఐదు నెలలైంది. అలర్జీ బిళ్లే చాలనుకున్నా."

"మీ అన్నకి చెప్పావా?"

"చెప్తే చంపేస్తాడు."

"ఆయన దాకా ఎందుకు, నేనే చంపుతా. చెప్పులేసుకో, పద."

ఆసుపత్రి దారంతా చంక కింద తడుముకుంటూనే ఉంది. "ఇక్కడేదో గట్టిగా ఉంది, చూడు." చూశాను. ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది.

"ఎలుకల్ని చూసి మందు మానేసిన మనిషిని నిన్నే చూస్తున్నా," అంది డాక్టరమ్మ. "ఆ అలర్జీ మందు ఈ జబ్బుకి పనికొస్తుందో లేదో ఇంకా వెతుకుతూనే ఉన్నారు. కీళ్లు నొప్పంటే వేరే బిళ్ల రాసేదాన్ని కదమ్మా!"

స్కాన్ తీశారు. ఫలితం కోసం బల్ల మీద కూర్చున్నాం.

"ఎలుకలకి ఇంత భయం ఉండదు కదా వదినా?"

"వాటికి నీ అంత తెలివి లేదుగా."

నవ్వబోయి నా చెయ్యి పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది ఆమె చెయ్యి.

చంకలో తగిలింది పాత కుట్ల దగ్గర గట్టిపడిన కండేనట. స్కాన్‌లో ఇంకేమీ లేదు. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపంతా అక్కడే ఏడ్చేసింది.

"అయితే ఈ ఐదు నెలల్లో నాకేం కానట్టేనా డాక్టరమ్మా?"

డాక్టరమ్మ రాస్తున్న చీటీలోంచి తలెత్తలేదు. "ఇవాళ్టికి కనబడలేదు. మూడు నెలలకి మళ్లీ చూద్దాం."

కొత్త హార్మోన్ బిళ్లలు బయట మందుల షాపులోనే కొన్నాం. అక్కడే ఒకటి వేసుకోబోయింది. తొందరలో రేకు చిరగలేదు. నేనే చింపి ఆమె అరచేతిలో పెట్టాను.