టెంటుకాడికి పంపమన్న దరఖాస్తులు

ప్రభుత్వ పాలనలో ఎం.ఏ. చదువుతున్న రోజుల్లో నాకు రాష్ట్రాన్ని నడపడం వచ్చునని గట్టి నమ్మకం ఉండేది. నడపమని ఎవరూ అడగకపోవడమొక్కటే లోటు. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు విశ్వవిద్యాలయం వాళ్లు మమ్మల్ని ఆరు వారాలు ప్రభుత్వ కార్యాలయాల్లో ఇంటర్న్‌షిప్ చెయ్యమన్నారు. సచివాలయం తప్పదనుకుని నేను రెండు నేత చీరలు కొనుక్కున్నాను. వచ్చింది ఎల్బీనగర్ వైపు ఒక మండలాఫీసు.

వనస్థలిపురంలో మా అమ్మ ఈ తేడాను లెక్కచెయ్యలేదు. కృష్ణా జిల్లా నుంచి మాలాగే వచ్చి స్థిరపడ్డ ఇరుగుపొరుగందరికీ మా అమ్మాయి గవర్నమెంటులో చేరిందని చెప్పేసింది. వెనక వీధి మాస్టారొకాయన స్థలం తగాదా కాగితాలు పట్టుకుని ఏకంగా ఇంటికే వచ్చాడు. నేను కాఫీ ఇప్పించి, కాగితాలన్నీ చదివినట్టు నటించి, పరిశీలిస్తామని చెప్పి పంపాను. అప్పటికి నేను ఆఫీసులో అడుగుపెట్టి రెండు రోజులు.

ఆఫీసులో నా చోటు బీరువాకీ మంచినీళ్ల డ్రమ్ముకీ మధ్య. నీళ్లకొచ్చిన ప్రతివాళ్లకీ నేను లేచి దారివ్వాల్సిందే. నన్ను అప్పజెప్పింది ఇన్‌వార్డు చూసే సీనియర్ అసిస్టెంటుకి. నల్లగొండ జిల్లా మనిషి, యాభై దాటాయి. వచ్చిన ప్రతి దరఖాస్తునూ పెద్ద రిజిస్టరులో ఎక్కించి, నంబరూ తేదీ వేసి, ఆ నంబరు చీటీ మీద రాసివ్వడం ఆయన పని. నంబరు పడితేనే దరఖాస్తు పుట్టినట్టనీ, అంతవరకూ అది వట్టి కాగితమేననీ మొదటిరోజే చెప్పాడు. నేను బుద్ధిగా తలూపి, నోటుపుస్తకంలో ‘కాలం చెల్లిన పద్ధతి’ అని రాసుకున్నాను.

రెండో వారంలో తెలంగాణ కోసం ఉద్యోగులందరూ సమ్మెకు దిగారు. గేటు పక్కన టెంటు పడింది. పాటలు, నినాదాలు, ఒకరోజు రోడ్డు మీదే వంటావార్పు. సీనియర్ అసిస్టెంటు టెంటులోకి వెళ్తూ నా దగ్గర ఆగాడు.

“నువ్వు మా ఉద్యోగివి గాదు గదమ్మా, నీకు సమ్మె లేదు. లోపట కూసో. ఏం ముట్టకు. ఎవరన్న ఒస్తే టెంటుకాడికి నా దగ్గరికి పంపియ్యి.”

ఎందుకు పంపాలో నేను అడగలేదు. నాకు తెలుసుననుకున్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో టీవీ ముందు జరిగే చర్చల ప్రకారం ఆ టెంట్లన్నీ జనాన్ని పోగేసుకోవడానికే. పనిమీద వచ్చినవాళ్లను కూర్చోబెట్టి నినాదాలిప్పిస్తారని నా విశ్లేషణ. ప్రజలకు ఆ ఇబ్బంది రానివ్వకూడదని నిశ్చయించుకుని ఒక్కరిని కూడా పంపలేదు. పైగా మూడో రోజుకల్లా డ్రమ్ము పక్క నుంచి ఆయన కుర్చీలోకి మారాను.

ఖాళీ ఆఫీసులో కుర్చీలో కూర్చున్న మనిషి కనిపిస్తే జనం చేతులు కట్టుకుంటారు. వాళ్లు నన్ను మేడమ్ అన్నారు. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి రంగురంగుల ఫైళ్లు కొనుక్కొచ్చాను. భూములకి ఆకుపచ్చ, పింఛన్లకి పసుపు, చదువులకి నీలం. దరఖాస్తు తీసుకుని, సరైన రంగులో పెట్టి, తెల్లచీటీ మీద ‘అందినది’ అని రాసి సంతకం పెట్టిచ్చేదాన్ని. జనంలో కలిసిపోవాలని “జర ఆగుండ్రి” అని కూడా అనేదాన్ని. ఒక ముసలాయన నా అవస్థ చూడలేక, మామూలుగానే మాట్లాడు బిడ్డా, మాకు సమజైతది అన్నాడు.

ఆ వారమే ఒకామె వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. సొంతూరు నల్లగొండ వైపు. కూతురికి నర్సింగులో సీటొచ్చింది, కులం సర్టిఫికెట్టు కావాలి. సమ్మె కాబట్టి సర్టిఫికెట్టు తర్వాతిచ్చినా సరే, దరఖాస్తు చేసినట్టు ఆఫీసు చీటీ గడువులోపల చూపిస్తే సీటు ఆపుతామని కాలేజీవాళ్లు చెప్పారట. గడువింకా మూడు రోజులుంది. నేను నా చీటీ రాసిచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నంబరెయ్యరా మేడమ్?”

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. నంబర్లు పాత పద్ధతి అనీ, ఆమె కాగితం నీలం ఫైల్లో భద్రంగా ఉందనీ, ఈ చీటీ చివరిరోజు ఇచ్చినా ఎవరూ కాదనరనీ పావుగంట వివరించాను. ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది.

మూడు రోజులు పోయాక పొద్దున్నే మళ్లీ వచ్చింది. ఈసారి పక్కన కూతురుంది. ముందురోజు సాయంత్రం, గడువు ముగిసేలోగా కాలేజీలో చీటీ ఇస్తే, నంబరేదని అడిగి తిప్పి పంపేశారట. ఆ పిల్ల నా వైపు చూడలేదు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. ఏం చెయ్యాలో తోచక ఇద్దరినీ వెంటబెట్టుకుని టెంటుకి వెళ్లాను.

సీనియర్ అసిస్టెంటు అంతా విని, కుర్చీ కింది నుంచి గుడ్డసంచి తీశాడు. అందులో ఆ పెద్ద రిజిస్టరుంది. సమ్మె మొదలైన రోజు నుంచీ ఆయన టెంటులో కూర్చుని, చదువులవీ దవాఖానవీ, ఆగితే చెడిపోయే కాగితాలన్నిటికీ రోజూ నంబర్లు వేసిస్తూనే ఉన్నాడు. అందుకే టెంటుకి పంపమన్నాడు. నాకు తప్ప ఆ వీధిలో చాయ్ అమ్మేవాడికి కూడా ఈ సంగతి తెలుసు.

మూడు రోజుల కిందటి తేదీ వెయ్యమని నేను బతిమాలాను. ఆయన రిజిస్టరు నా వైపు తిప్పాడు. వరుసలన్నీ ఒకదాని కింద ఒకటి నిండిపోయి ఉన్నాయి.

“ఏడ రాయాలెనమ్మా? జాగ లేదు.” తర్వాత మెల్లగా, “నేను టెంటుకాడికి పంపుమన్న గదా” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే వంటామె అడ్డం పడింది.

“గీ మేడమ్ తప్పేం లేదు సారూ. నాకే తెల్వక సక్కగ లోపటికి పోయిన.”

ఆయన గడువు దాటిన ఆ రోజు తేదీతోనే నంబరు వేసిచ్చాడు. తల్లీకూతుళ్లు అది పట్టుకుని పరుగున వెళ్లారు. నేను నా రంగుల ఫైళ్లన్నీ టెంటులోకి మోసి, ఒక్కో దరఖాస్తూ పైకి చదువుతుంటే ఆయన ఎక్కించాడు. టెంటులో ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. మధ్యాహ్నం నా చేతిలో కూడా విస్తరాకు పెట్టారు. వారం తర్వాత ఆయనే చెప్పాడు, సీటు తర్వాతి పిల్లకి వెళ్లిపోయిందని. ఈ యేటికి వంటామె కూతురు కూడా హాస్టల్లో వంటకే పోతోందట.

ఇంటర్న్‌షిప్ నివేదిక నలభై పేజీలు రాశాను. రంగుల ఫైళ్ల మీద ఒక అధ్యాయమే ఉంది. మౌఖిక పరీక్షలో ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చుని, క్షేత్రస్థాయిలో సేవలందడానికి ముఖ్యమైన అడ్డంకి ఏం గమనించారని అడిగారు. ఒక్క క్షణం ఆ పిల్ల వాచిన మొహం కళ్లముందు కదిలింది. నిజం చెబుదామనే గొంతు సవరించుకున్నాను.

“ప్రజల్లో అవగాహన లేకపోవడం సార్” అన్నాను.

ముగ్గురూ తలలూపి రాసుకున్నారు. మా బ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.