బాపు తెచ్చిన స్టెబిలైజరు

ఆ రోజుల్లో మా జమ్మికుంటలో స్టెబిలైజరు అంటే ఒకటే అర్థం. బల్బు వెలుగుతూనే ఎర్రబడిపోయే కరెంటు మాది. టీవీ కొన్నవాళ్లంతా దాని పక్కనే ఒక ఇనుప పెట్టెను కూడా కొని, దాని మీద అల్లిక గుడ్డ కప్పి, అద్దంలో ముల్లు ఎటు కదులుతోందో చూస్తూ కూర్చునేవాళ్లు. (మా వీధిలో కొందరు టీవీ కన్నా ఆ ముల్లునే ఎక్కువ చూశారని నా అనుమానం.) ఒక మాటకు ఒకే అర్థం ఉంటే మనుషులకు ఎంతో సుఖం. ఆ సుఖం మా ఇంటి మీదికి ఏం తెచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

నేను బడికి పోలేదు. చిన్ననాటి ఆయాసం వల్ల అవ్వే (మాకు అమ్మంటే అవ్వ, నాన్నంటే బాపు) నన్ను ఇంట్లో కూర్చోబెట్టి, బైబిలు, పాటల పుస్తకం ముందు పెట్టుకుని చదువు చెప్పింది. అందుకే నాకు అక్షరాల కన్నా ముందు రాగాలు వచ్చాయి. నలుగురి ముందు నిలబడడం మాత్రం రాలేదు. దేవుని దయవల్ల ఆయాసం తగ్గాక గొంతు మిగిలింది. అన్నకేమో మస్కట్‌లో పనిచేసే మా బావ తెచ్చిన ఎలక్ట్రిక్ గిటారు దొరికింది. అవ్వ వెంటనే ప్రార్థన చేసి ఆ గిటారును చర్చికి సమర్పించేసింది. (అన్నను ఒక్క మాట కూడా అడగలేదు. మస్కట్ నుంచి వచ్చిన సెంటు సీసాను మాత్రం సమర్పించలేదు.) వాయించేది అన్నే అయినా, ఆనాటి నుంచి దాని మీద చర్చి పెద్దలకు హక్కు వచ్చింది.

ఆ గిటారుతో ఒక చిక్కు ఉండేది. తీగలు కట్టిన ఇనుప పట్టీ, వంతెన అంటారు దాన్ని, చెక్కకు బిగించి ఉండదు, తేలుతూ ఉంటుంది. పైనుంచి తీగలు ఒకవైపు లాగుతాయి, వెనక గూట్లోని స్ప్రింగులు ఇంకోవైపు లాగుతాయి. ఆ రెండూ సమానంగా ఉన్నంతసేపే శృతి. వంతెనకున్న కడ్డీ నొక్కితే స్వరం సన్నగా వణుకుతుంది, అదే దాని సోకు. కానీ ఒక్క తీగ తెగిందా, స్ప్రింగులదే పైచేయి అయిపోయి మిగతా తీగలన్నీ ఒక్కసారిగా పైకెక్కి కూర్చుంటాయి. నేను మొదటిసారి చర్చిలో నిలబడి పాడిన ఈస్టరు నాడు సరిగ్గా అదే జరిగింది. తీగ టప్పున తెగింది. గిటారు ఒక దారిన, హార్మోనియం ఒక దారిన పోయాయి. ఎటు పోవాలో తెలియక నేను నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే ఆగిపోయాను.

హార్మోనియం వాయించే పెద్దాయనను మేమంతా శృతి తాత అనేవాళ్లం. ఆయన అక్కడికక్కడే లేచి నిలబడ్డాడు.

"గీ వణుకుడు డబ్బా ఇంకోపారి ఏడ్చిందంటే, కోత పండుగ నాడు వేలంల గుమ్మడికాయల పక్కన పెడ్త. గా పొల్ల పాట సుత గప్పటితోని బంద్. విన్నవా బిడ్డా?"

విన్నాను. (కోత పండుగ నాడు అందరూ తెచ్చిన పంటను చర్చిలో వేలం వేస్తారు.) ఆ తర్వాత చాలా రోజులు నాకు కలలోకి గుమ్మడికాయలే వచ్చాయి.

దీనికి మందు ఏమిటో అన్న ఏదో సంగీత పత్రికలో చదివి తెలుసుకున్నాడు. వెనక గూట్లో ఒక చిన్న పనిముట్టు బిగిస్తే, దాని కొస వంతెన కింది ఇనుప దిమ్మకు ఆని, స్ప్రింగులు దాన్ని లాక్కుపోకుండా ఆపుతుందట. దాని పేరు స్టెబిలైజరు. పండుగ ముందు వారంలో బాపు పట్నం పోతుంటే అన్న దుకాణం గుర్తులు చెప్పి, "గిటార్ల దుకాణంల స్టెబిలైజర్ అని అడుగు బాపూ, మర్చిపోవు గద?" అన్నాడు.

"స్టెబిలైజర్ నాకు తెల్వదారా? ఊరందరికి తెల్సు" అంటూ బాపు బస్సెక్కాడు.

శుక్రవారం మధ్యాహ్నం వాకిట్లో కేక వినపడింది. "పట్టుండ్రి, పట్టుండ్రి! జర బరువున్నది!"

బాపు తల మీద తువ్వాలు చుట్టుకుని, దాని మీద పెద్ద అట్టపెట్టెతో నిలబడ్డాడు. దించి విప్పితే లోపల బూడిదరంగు ఇనుప పెట్టె, దానికి అద్దం, అద్దంలో ముల్లు.

"గిదేంది బాపూ?" అన్న అట్టపెట్టె అడుగుదాకా తడిమి చూశాడు.

"స్టెబిలైజర్. రాగితీగ చుట్టిన అసలు సరుకు."

"గిటార్ల దుకాణంల గిదిచ్చిండ్రా?"

"వాడా! వాడు పెద్ద దొంగ. అగ్గిపెట్టెంత పొట్లం చేతుల పెట్టి గిదే స్టెబిలైజర్ అంటడు. ఇప్పి చూస్తే ఏమున్నది? ఓ పుల్ల, ఓ స్ప్రింగు! ఊరోడు గద, ఏదిస్తే గది పట్టుకపోతడనుకున్నడు. నీ అయ్యకు అమ్ముకో పో అని వాపస్ ఇచ్చి, కరెంటు సామాను దుకాణానికి పోయిన."

అన్న అట్టపెట్టె మీదే కూలబడిపోయాడు. ఆదివారమే పండుగ, మళ్లీ పట్నం పోయి రావడానికి వ్యవధి లేదు. అవ్వ బాపు మొహం, అన్న మొహం మార్చి మార్చి చూసి, "దేవునికి స్తోత్రం, మనిషైతే మంచిగనే వచ్చిండు" అంది. (అవ్వ కృతజ్ఞతకు ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది. ఆ అలవాటే నాకూ వచ్చింది.)

కాసేపటికి అన్న తేరుకున్నాడు. బాపు పత్తి మార్కెట్‌లో తూకం వేసే కాంటా దగ్గర పనిచేసేవాడు కనుక ఆ భాషలోనే చెప్పాడు. "చూడు బాపూ, తీగలు ఓ తట్ట, స్ప్రింగులు ఓ తట్ట. మధ్యల కాంటా ఊగుతది. ఊగకుంట మీరేం పెడ్తరు?"

"చీల పెడ్తం."

"నేను తెమ్మన్నది గా చీలనే."

బాపు ఒకసారి గిటారు వైపు, ఒకసారి తన పెట్టె వైపు చూశాడు. తర్వాత ఆయనకే కోపం వచ్చింది. "గట్లని మొదలే చెప్పాలె గదరా! చీల అంటే తేకపోదునా? గా ఇంగ్లీషు మాట నీకెందుకు?"

శనివారం పొద్దున్నే మా ఇంట్లో చీల తయారీ మొదలైంది. పాత కిటికీ బందు సగం విరిచి గూట్లో మరలతో బిగించారు. దాని రంధ్రంలో సన్నటి ఇత్తడి బోల్టు దూర్చి, అటొక నట్టు, ఇటొక నట్టు పెట్టారు. చప్పుడు రాకుండా కొసకు సైకిల్ ట్యూబు ముక్క తొడిగారు. ఇక బోల్టు కొస దిమ్మకు ఆనీ ఆననట్టు ఆనాలి. ఎక్కువ తిప్పితే దిమ్మను నెట్టి తీగల శృతి దించేస్తుంది. తక్కువైతే అసలు ఆనదు, ఉన్నా లేనట్టే. అన్న గిటారును పట్టుకుని తీగ మీటాలి, బాపు బోల్టు తిప్పాలి, నేను కళ్లు మూసుకుని విని చెప్పాలి.

"దిగింది బాపూ."

"గిప్పుడు?"

"ఇంకా దిగింది! అటు కాదు, ఇటు తిప్పు!"

"అటు ఏది, ఇటు ఏది? కండ్లు తెరిచి చెప్పరాదు!"

మధ్యలో అవ్వ వచ్చి గిటారు మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. సృష్టి దగ్గర మొదలై ఆ ప్రార్థన నోవహు ఓడ దాకా వచ్చేసరికి బాపు ఇక ఆగలేకపోయాడు. "జల్ది ఆమేన్ అనవే, బోల్టు జారుతాంది!" అవ్వ ఆమేన్ అంది, బాపు తిప్పాడు, అన్న మీటాడు. దిగలేదు, ఎక్కలేదు. బోల్టు అక్కడి నుంచి కదలకుండా బాపు రెండు నట్లూ బిగించాడు. తెగితే ఎలా ఉంటుందో చూడాలని అన్న సన్న తీగను పూర్తిగా వదులు చేశాడు. మిగతావి ఉన్న చోటే ఉన్నాయి. కానీ వదలడం వేరు, తెగడం వేరు. అది మా అందరికీ తెలుసు.

కోత పండుగ నాడు చర్చి ముందు భాగమంతా మొక్కజొన్న కంకులు, పత్తి బుట్టలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, గుమ్మడికాయలు. బాపు తన పెట్టెను ఊరికే ఇంట్లో పెట్టలేక మోసుకొచ్చి, గిటారు స్పీకరుకు తగిలించి, సరిగ్గా గుమ్మడికాయల పక్కనే పెట్టాడు. పాట మొదలైంది. శృతి తాత హార్మోనియం మీద వేళ్లాడిస్తూ చెవి మాత్రం గిటారు వైపే పెట్టాడు. మొదటి చరణం గడిచింది. రెండోది అందుకోగానే, టప్!

తీగ తెగి అన్న చేతి మీద చుట్టుకుంది. నా కళ్ల ముందు గుమ్మడికాయలు తప్ప మరేమీ కనిపించలేదు. "ప్రభువా" అనుకున్నాను. అది పాటలో మాటో నా మాటో నాకే తెలియదు. మిగిలిన తీగలు మోగాయి. ఎక్కలేదు! హార్మోనియం పక్కనే, చెయ్యి పట్టుకుని నడిచినట్టు నడిచాయి. సరిగ్గా అప్పుడే కరెంటు తగ్గి, బాపు పెట్టె అందరికీ వినపడేలా టక్కుమంది. ముల్లు ఒక్కసారి వణికి నిలబడింది. నేను చివరి చరణం దాకా పాడాను.

ఆరాధన అయ్యాక శృతి తాత గిటారును చూడనైనా చూడలేదు. నేరుగా పెట్టె దగ్గరికి వచ్చి, వంగి, అద్దం మీద వేలితో కొట్టాడు. "తీగ తెగంగనే టక్కుమని పట్టుకున్నది. నేను ఇన్న. గిదేనా స్టెబిలైజర్?"

అన్న నోరు తెరిచాడు. బాపు అన్న కాలు తొక్కి, ఏమీ ఎరగనట్టు, "గిదే తాతా. పట్నంకెల్లి నేనే తెచ్చిన" అన్నాడు.

"మంచి వస్తువయ్యా. గిది లేకుంట గిటారు ముట్టద్దు ఇగ!"

ఆ మాట చర్చిలో చట్టమైపోయింది. తర్వాత ఎన్నో ఏళ్లు, కరెంటు బాగున్నా బాగాలేకున్నా, అన్న ఎక్కడ వాయించినా ఆ పెట్టెను మోసుకుపోవలసి వచ్చింది. బాపు ఉన్నంతకాలం దాని అద్దం ఆయనే తుడిచాడు. మొన్న పండుగకు ఊరికి పోయినప్పుడు అన్న గిటారు వెనక మూత తీసి చూపించాడు. కిటికీ బందు తుప్పు పట్టింది, ట్యూబు ముక్క రాయిలా గట్టిపడింది. ఇత్తడి బోల్టు మాత్రం బాపు ఆపిన చోటే, ఆనీ ఆననట్టు ఆని ఉంది. తుడుద్దామని వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను. ఎవరూ మీటకుండానే, ఈ వయసులో, కళ్లు మూసుకుని, "దిగలేదు బాపూ" అన్నాను.