మా వదిన నుదుటి పచ్చబొట్టు

మొన్న ఆదివారం మా వదిన పోయింది. బోధన్ నుంచి వచ్చిన చెరుకు బండివాడు కబురు చెప్పినా నమ్మలేదు. మనవలున్నా నేను అందరినీ ఆటపట్టిస్తూనే ఉంటాను కదా, ఇప్పుడు వాడు నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను.

మా అన్న భార్య ఆమె. నుదుటి నడుమ పచ్చబొట్టు, చిన్నప్పుడు వాళ్లమ్మ పొడిపించింది.

"వదినె, నుదుట్ల చీమ పాకుతుంది సూడు."

"గది నీ నెత్తిల పేనురా, తొవ్వ తప్పింది."

చాలా ఏళ్ల కిందట, బోధన్‌లో చక్కెర మిల్లు ఇంకా లేనప్పుడు, ఆమె బాప్తిస్మం అడిగింది. సంఘ పెద్ద అడ్డం పడ్డాడు.

"బొట్టుతోని యేసయ్య దగ్గరికి ఎట్ల వస్తవమ్మా?"

"తుడిస్తే పోదు గద పెద్దయ్యా."

"ఎట్లనన్న పోగొట్టుకో."

మరునాడు పెద్దయ్య చెరుకు రసం కాగుతుంటే, ఆయనా నేనూ బెల్లం పొయ్యి దగ్గర ఉన్నాం. వదిన వచ్చి కొడవలి మొనను నిప్పుల్లో పెట్టింది. ఎర్రబడగానే తీసి నుదుటి వైపు ఎత్తింది.

"ఆగు వదినె!"

"ఎన్నొద్దులు యేసయ్య గుడి బయట కూసోవాలెరా? నాకు లోపలికి పోవాలె."

నేను మీద పడి ఆపబోతే మొన ఆమె కంట్లో దిగుతుంది. కాళ్లాడలేదు. నోరు మాత్రం ఆడింది.

"పెద్దయ్యా, ఆమెదైనంక కొడవలి నువ్వు తీసుకో. బాప్తిస్మానికి పోగులు తీసేసినవు గని చెవుల తూట్లు అట్లనే ఉన్నయి!"

ఎవరూ నవ్వలేదు.

"ఆయన్ని ఏమనకు," అంది వదిన. "ఆయన నా మంచికే చెప్పిండు." కొడవలి దించలేదు.

పెద్దయ్య చేయి చెవి మీదికి పోయింది. అంతలోనే ముందుకొచ్చి ఆమె మణికట్టు పట్టి, కొడవలిని నీళ్ల తొట్టిలో ముంచాడు. సుయ్యిమంది.

"బొట్టునే సూసిన బిడ్డా," అన్నాడు. "నిన్ను సూడలే."

తర్వాత గుడికి మసిబట్టలతో కూలి మనిషి వచ్చినా, ముక్కుకు నత్తు పెట్టుకున్న మరాఠీ ఆమె వచ్చినా, వదిన తన చాప మీద జరిగి చోటిచ్చేది. "ముందు కూసో బిడ్డా, పేరు తర్వాత చెప్దువు" అనేది.

నాకిప్పుడు ఆమె బాప్తిస్మమే కళ్లముందు ఉంది. నీళ్ల గిన్నె పట్టుకున్నది పెద్దయ్యే. బాప్తిస్మమిచ్చే అయ్యగారి తడి వేళ్లు సరిగ్గా ఆ పచ్చబొట్టు మీదే ఆనాయి. నీళ్లు కనుబొమల మీదుగా ముక్కు కొస దాకా జారాయి. తువ్వాలు అందించాను.

ఆమె తీసుకోలేదు.