బ్యాగులో లేని కడియం

మా కేతేపల్లిలో చింతచెట్టు మీద దయ్యం ఉందని అందరూ భయపడుతుంటే, చీకటి పడ్డాక దాని కిందికెళ్ళి కాయలు ఏరుకొచ్చిన దాన్ని నేను. దయ్యాలను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అందుకే ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది.

విమానాశ్రయంలో బ్యాగుల ఎక్స్‌రే తెర ముందు కూర్చోవడం నా ఉద్యోగం. బట్టలు, తిండి నారింజ రంగులో కనిపిస్తాయి. ఇనుము, వెండి నీలంగా ఉంటాయి. ఒక్కో బ్యాగుకు కొన్ని క్షణాలే. ఇరవై నిమిషాలకోసారి మనిషిని మారుస్తారు, కళ్ళు అలిసిపోతే కత్తి కూడా చెంచాలా కనిపిస్తుంది మరి. మనసులో ఉన్నదాన్ని తెర మీద వెతకొద్దని శిక్షణలో పదేపదే చెప్పారు.

ఆ ఎండాకాలం మా బాపు తప్పిపోయాడు. జీవితమంతా గొర్రెలు కాసిన మనిషి, మతిమరుపు ముదిరి, గొంగడి భుజాన వేసుకుని ఎటో వెళ్ళిపోయాడు. నేనూ తమ్ముడూ నార్కట్‌పల్లి బస్టాండు, దవాఖానలు, చెరువు గట్లు జల్లెడ పట్టాం. ఐదో రోజు నాకు సెలవు పొడిగించలేదు, డ్యూటీకి వచ్చాను. ఆ ఎండలో నీళ్ళు తాగాలని కూడా గుర్తుండని మనిషి. బతికుంటాడన్న ఆశ దాదాపు పోయింది.

పదకొండు గంటలప్పుడు ఒక బ్యాగులో కడియం కనిపించింది. బాపు చేతి వెండి కడియం. విరిగిన చోట ఆయనే తీగ చుట్టుకున్నాడు, ఆ నాలుగు చుట్లూ కనిపించాయి. వెంటనే బెల్టు ఆపాను.

బ్యాగు గల్ఫ్‌కు పోతున్న ఒక యువకుడిది. తెరిస్తే బట్టలు, పచ్చడి డబ్బా, సకినాలు. కడియం లేదు. ఆ బొమ్మను మళ్ళీ తెర మీదికి తెప్పించారు. అందులోనూ లేదు. సూపర్‌వైజర్ నన్ను కుర్చీలోంచి లేవమన్నాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకుని ఆ యువకుడి చెయ్యి పట్టుకున్నాను.

"తమ్మీ, నీది ఏ ఊరు? ఒక ముసలాయనను ఏమన్న చూసినవా? చేతికి కడియం, భుజం మీద గొంగడి."

"రామన్నపేట దిక్కు అక్కా. గసుంటాయన నిన్న మా చెలక కాడ గొర్ల మందెంట ఉన్నడు. పాలమూరోళ్ళ మనిషి అనుకున్నం."

ఎండాకాలం పాలమూరు మందలు మేపు కోసం మా వైపు వస్తాయి. ఊరివాళ్ళు ఆయన్ని మందతో వచ్చినవాడనుకున్నారు. మందవాళ్ళేమో ఊరి పెద్దమనిషి సరదాగా తోడొస్తున్నాడనుకుని గటక పోశారు. కర్ర పట్టుకుని గొర్రెల వెనక నడిచే మనిషి తప్పిపోయాడని ఎవరనుకుంటారు? కన్నబిడ్డలం, మాకే మందల్లో వెతకాలని తట్టలేదు.

నేను ఫోన్ చేస్తే, సాయంత్రానికి తమ్ముడు ఆయన్ని ఆ మందలోనే వెతికి పట్టుకున్నాడు. కడియం చేతికే ఉంది, ఒక్కసారీ తియ్యలేదట. అలసిన కళ్ళకు మనసులో ఉన్నదే కనిపిస్తుందంటే ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు చూసిన అన్ని బ్యాగుల్లో ఆ ఒక్కదానిలోనే ఎందుకు కనిపించిందో ఎంత ఆలోచించినా నాకు అర్థం కాదు.

డ్యూటీ దిగి రామన్నపేట చేరాను. బాపు కాళ్ళ దగ్గర కూలబడి, "బాపూ, నీకోసం ఎన్ని ఊర్లు దేవులాడినమే" అని ఏడ్చాను.

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి జాలిగా చూశాడు.

"ఏడ్వకు బిడ్డా. మీ బాపు పేరేందో చెప్పు. ఇద్దరం కలిసి దేవులాడుదం."