జడ్జిగారి దగ్గు

ఇరవై మూడేళ్ల వయసులో నాకున్నంత తెలివి ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ లేదు. ఎనభైల చివరి మాట. ఒమన్‌లో సమాయిల్ దగ్గర కొండల మధ్య రోడ్డు వేస్తున్న ఒక కంపెనీలో నేను టైమ్‌కీపర్‌ని. ఎవరు డ్యూటీకి వచ్చారో, ఎన్ని గంటలు చేశారో కాగితం మీద టిక్కులు పెట్టే ఉద్యోగం. ఎండలో రాళ్లు మోసేవాళ్ల మధ్య నీడన కూర్చుని పెన్ను పట్టుకున్నవాణ్ణి, ఇంటర్ పాసైనవాణ్ణి, సంతకం కాకుండా ఇంగ్లీషులో మరో నాలుగు ముక్కలు రాయగలిగినవాణ్ణి. మా రూమ్‌లో పదిమందిమీ జగిత్యాల వైపు వాళ్లమే. అందరి ఉత్తరాలూ నేనే రాసేవాణ్ణి, వచ్చినవి నేనే చదివి వినిపించేవాణ్ణి. దాంతో నన్ను నేను పెద్దమనిషినని గట్టిగా నమ్మేశాను. (మీసాలు మాత్రం నమ్మలేదు, అప్పటికింకా సరిగ్గా రాలేదు.) ఆ పెద్దమనిషి చేసిన ఘనకార్యం ఒకటుంది. ఆ రూమ్‌వాళ్లకీ ఇంకో ఇంటికీ తప్ప ఇంతవరకు ఇంకెవరికీ చెప్పలేదు, సిగ్గుతో.

మా సైట్ మీద ఒక అమెరికా ఇంజనీరు ఉండేవాడు. అసలు పేరు ఎవరికీ నోరు తిరగక టోపీ సారు అనేవాళ్లం. మధ్యాహ్నం పని ఆగినప్పుడు ఆయన క్యాబిన్‌లో ఏసీ గాలి కోసం నేను ఏదో ఒక కాగితం చేతపట్టుకుని వెళ్లేవాణ్ణి. ఒకరోజు ఆయన తమ ఊరి కోర్టు సంగతి చెప్పాడు. ఒకాయన పెరట్లో చెట్టు విరిగి పక్కింటాయన కారు షెడ్డు మీద పడిందట. షెడ్డాయన దావా వేశాడు. అలాంటి సివిల్ దావాలో కూడా ఊళ్లోంచి మామూలు మనుషుల్ని పిలిచి కూర్చోబెట్టి, తీర్పు వాళ్లనే చెప్పమంటారట. దాన్ని జ్యూరీ అంటారట. ఈయన్నీ పిలిచారు. ఈయన పక్కన ఒక బస్సు డ్రైవరు, ఒక పంతులమ్మ, ఒక హోటల్ వంటాయన. “వాళ్లకి చట్టం ఏం తెలుసు సార్?” అన్నాను. “అందుకే జడ్జి చెప్తాడు” అన్నాడు.

మొదట్లో ఒకసారి, వాదనలయ్యాక ఒకసారి, జడ్జి వాళ్లకి బడిపిల్లలకు చెప్పినట్టు అన్నీ చెప్తాడట. ఇక్కడ విన్నదే లెక్క, బయట విన్నది మరిచిపోండి. ముగిసేదాకా దీని గురించి ఎవరితోనూ మాట్లాడకండి. జరిగిన చోటు చూద్దామని సొంతంగా బయల్దేరకండి. జాలి వద్దు, కోపం వద్దు. ఇది హత్య కేసు కాదు, కాబట్టి అనుమానం బొత్తిగా లేనంత రుజువు అక్కర్లేదు. ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో చూడండి, త్రాసు కాస్త ఒరిగితే చాలు. ఇక చివరి మాట టోపీ సారు వేలెత్తి మరీ చెప్పాడు. “నిజం ఏదో తేల్చేది మీరు, నేను కాదు. నా మాటలోనో ముఖంలోనో నా అభిప్రాయం వెతక్కండి” అంటాడట జడ్జి. ఇవన్నీ టైమ్‌షీట్ వెనక రాసుకున్నాను. ఆ చివరిది కూడా రాసుకున్నాను. రాసుకోలేదని ఇప్పుడు తప్పించుకునే వీల్లేదు.

రాసుకున్న విద్య ఎక్కడ చూపించాలా అని చూస్తుంటే, వారం తిరక్కుండానే రూమ్‌లోనే కేసు దొరికింది. మా మేస్త్రి అన్నకి ఏడాదిన్నర కూతురు. తను గల్ఫ్‌కి వచ్చాక పుట్టింది, ముఖం ఫోటోలో చూడటమే. సెలవుకు వెళ్లొచ్చిన వాళ్లెవరో ఆయన భార్య పంపిన క్యాసెట్ తెచ్చారు. అందులో ముందు ఆవిడ క్షేమసమాచారాలు, తర్వాత పాప గొంతు: “నాయిన... దా... దా” అని, ఒక నవ్వు, ఆ తర్వాత అర్థం లేని మాటలు కొన్ని, మళ్లీ నవ్వు. ప్రతి శుక్రవారం సెలవు పూట మేస్త్రి అన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఆ క్యాసెట్ వినేవాడు. క్యాసెట్ వినడానికి తల దువ్వడమెందుకని మేం ఆటపట్టిస్తే, “బిడ్డ ముంగట ఎట్లనో అట్ల కూసుంటమా?” అనేవాడు.

టేప్ రికార్డర్ ఆయనది కాదు. రేడియో బావది. షట్టరింగ్ కార్పెంటరు, పాటల పిచ్చి. రేడియో, టేపూ కలిసిన ఆ టూ-ఇన్-వన్‌ని మస్కట్‌లోని రూవీ బజారు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు, దాని మీద దుమ్ము పడితే ఆయన తుమ్మేవాడు. ఆయనా మేస్త్రి అన్నా ఒకే ఊరు, ఒకే విమానంలో వచ్చారు, ఒకే పళ్లెంలో తినేవాళ్లు. ఒక శుక్రవారం మేస్త్రి అన్న తల దువ్వుకుని మీట నొక్కాడు. భార్య గొంతు వచ్చింది. పాప గొంతు రావలసిన చోట ‘హుమ్’ అని ఒకటే హోరు. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. మేస్త్రి అన్న డబ్బా వైపు చూస్తూ, “నా బిడ్డ ఎటు వొయ్యింది?” అన్నాడు. మీట నొక్కి ఆపేశాడు.

ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి. “డబ్బా నీది, చెయ్యి నీది. నువ్వు గాక ఇంకెవ్వడు చెరిపేస్తడు?” అని మేస్త్రి అన్న. “నేను రికార్డ్ జేస్తే పాటుంటది గని గాలుంటదా బావా?” అని రేడియో బావ. సాయంత్రానికి రెండు పళ్లేలయ్యాయి. మూడోనాటికి రూమ్‌లో రెండు పొయ్యిలు, రెండు బియ్యం గిన్నెలు, రెండు పార్టీలు. అప్పుడు నేను గొంతు సవరించుకుని లేచి, అమెరికా పద్ధతిలో తేలుద్దామన్నాను. జడ్జిగా ఎవరుండాలన్న చర్చే రాలేదు, రానివ్వలేదు నేను. రేడియో బావ ఓడితే అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి, టూ-ఇన్-వన్‌ని మేస్త్రి అన్న మంచం కిందికి ఇచ్చేసి ఇక ముట్టుకోకూడదు. గెలిస్తే మేస్త్రి అన్నే క్షమాపణ చెప్పుకోవాలి. ఇద్దరూ సరేనన్నారు.

వాది, ప్రతివాది, జడ్జి పోగా, జనరేటర్ డ్యూటీ మీద ఒకడు పోగా, మిగిలిన ఆరుగురే జ్యూరీ. బుధవారం వాళ్లని వరసగా కూర్చోబెట్టి మొదటి విడత చెప్పాను. దాంతో రూమ్‌లో బతుకు దుర్భరమైపోయింది. కేసు గురించి మాట్లాడొద్దన్నానా, ఏది మాట్లాడితే ఏది కేసులోకి వస్తుందోనని ఆరుగురూ ఉప్పు కావాలన్నా సైగలే. మా ఊళ్లో ఓసారి సర్పంచ్‌గా నిలబడి ఓడిపోయి, ఆ పేరు మాత్రం గెల్చుకున్న ‘సర్పంచ్’ ఒక్కడే ఉండబట్టలేక, స్నానాల గదిలో గోడతో మాట్లాడుకుంటూ దొరికాడు. ఇక మేస్త్రి అన్న పైమంచం మీద పడుకునే కుర్రాణ్ణి పైమంచం తమ్ముడనేవాళ్లం. వాడు రాత్రికి పరుపు చుట్టుకుని వరండాలోకి నడిచాడు. ఎందుకురా అంటే, “జరిగిన జాగ చూడొద్దంటివి గదనే. నా మంచం ఆడనే ఉండె. కండ్లు మూసుకోని ఎక్కుమంటవా?” అన్నాడు. రెండు రోజులు దోమలతో పడుకున్నాడు పాపం. నేను లోపల, నా మాటకెంత విలువుందో చూశారా అని మురిసిపోతూ పడుకున్నాను.

శుక్రవారం పొద్దున కోర్టు. ఉన్న ఒక్క కుర్చీ నాది. (హెల్మెట్ పెట్టుకోవాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, ఒళ్లో పెట్టుకున్నాను.) మేస్త్రి అన్న తన మాట చెప్పాడు. రేడియో బావ మళ్లీ అదే అన్నాడు, “గాలి రికార్డ్ జేసుకునే పిచ్చోన్నా నేను?” ఆరుగురిలో నలుగురు తలలూపారు. అప్పుడు సాక్ష్యంగా క్యాసెట్ పెట్టించాను. భార్య గొంతు, తర్వాత హోరు. అందరం చెవులు రిక్కించి విన్నాం. తొమ్మిదో నిమిషమో పదో నిమిషమో, ఆ హోరు మధ్యలో ఒక చిన్న దగ్గు వినిపించింది. ముందు ఒక చిన్నదీ, వెంటనే దాన్ని మింగేసినట్టు ఇంకోటీ.

ఆ దగ్గు నాది.

రెండు వారాల కిందట, టోపీ సారు దగ్గర జడ్జి కబుర్లు విని వచ్చిన రోజునే, నా ఇంగ్లీషు నాకెలా వినిపిస్తుందో చూసుకోవాలని బుద్ధి పుట్టింది. రూమ్‌లో ఎవరూ లేరు. టూ-ఇన్-వన్‌లో ఏదో క్యాసెట్ మధ్యలో ఆగి ఉంది, బావ పాటలదే అనుకున్నాను, తీసి చూడను కూడా చూడలేదు. రికార్డింగ్ కోసం రెండు మీటలూ కలిపి నొక్కి, ‘గుడ్ మార్నింగ్’ అందామని నోరు తెరిచాను. మాట రాలేదు. ఎవరూ లేని రూమ్‌లో, ఒక డబ్బా ముందు, నోరు తెరుచుకుని పది నిమిషాలు కూర్చున్నాను. చివరికి ఒక దగ్గు దగ్గి, సిగ్గుపడి ఆపేసి, వెనక్కి తిప్పి పెట్టేశాను. నిజం చెప్పాలంటే గొడవ మొదలైన రోజే లోపల ఎక్కడో చిన్న చీమ కుట్టింది. నేనే దులిపేసుకున్నాను.

“ఎవని దగ్గుర బై ఇది?” అన్నాడు సర్పంచ్. సిమెంటు దుమ్ములో పనిచేసే పదిమందిలో దగ్గనివాడెవడు? ఆరుగురూ నా వైపు చూశారు, ఇప్పుడేం చేయాలో చెప్పమన్నట్టు. అక్కడ లేచి, ఆ దగ్గు నాదని ఒక్క ముక్క చెప్తే అయిపోయేది. నేను లేచాను. లేచి, కాగితం తీసి, రెండో విడత చదవడం మొదలుపెట్టాను. త్రాసు సంగతి దగ్గర ఆగి, దాన్ని రెండుసార్లు చెప్పాను. “పూర్తిగా రుజువు కావాలని లేదు. కొంచెం ఒరిగితే చాలు. డబ్బా ఎవరిది, ఎవరికి నడపడం వచ్చు, అది చూడండి.” చూడండి అంటూ రేడియో బావ వైపు చూశాను. చివరి వాక్యం, నా ముఖం చూసి తీర్పు చెప్పొద్దన్న వాక్యం, కాగితం మీద నా బొటనవేలి కింద ఉంది. వేలు తియ్యలేదు. ఆరుగురూ నా ముఖమే చూశారు. టీ కాగే లోపల తీర్పు వచ్చేసింది.

రేడియో బావ వాదించలేదు. “పంచాయతి జెప్పినంక ఇగ ఖలాస్” అని, తన తువ్వాలుతో డబ్బా మీద దుమ్ము తుడిచి, మేస్త్రి అన్న మంచం కింద పెట్టాడు. నేను చెయ్యని తప్పు అని ఒక్కసారి కూడా అనలేదు. తప్పైందని అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూశాడు. నేను హెల్మెట్ వైపు చూసుకున్నాను. ఆ తర్వాత మా రూమ్‌లో శుక్రవారాలు పాటల్లేకుండా గడిచాయి. మేస్త్రి అన్న డబ్బా ముట్టుకోలేదు, వినడానికేముందని. దగ్గు వస్తే బయటికి పరుగెత్తి దగ్గొచ్చేవాణ్ణి.

“నీ కోర్టు ఎలా సాగింది?” అని ఒకరోజు టోపీ సారు అడిగాడు, ముందే ఆయనకి గొప్పలు చెప్పుకున్నాను మరి. సాగిందన్నాను. “ఒకటి చెప్పడం మరిచాను. కేసులో తనకేమైనా సంబంధం ఉంటే జడ్జి ముందే లేచి తప్పుకోవాలి” అన్నాడు. ఆయన మామూలుగానే చెప్పాడు, టీ కలుపుకుంటూ. నాకు మాత్రం ఆయన నా చొక్కా విప్పి చూస్తున్నట్టనిపించింది.

ఆ వారం శుక్రవారం పొద్దున్నే, అందరూ ఉండగా చెప్పేశాను. చెప్పడానికి ముందు ఏడుపొచ్చింది, ఏడవడానికి ముందు దగ్గొచ్చింది. సర్పంచ్ నోరు తెరిచాడు. పైమంచం తమ్ముడు, “గీనికోసమా నన్ను దోమలు కుట్టింది!” అన్నాడు. రేడియో బావ ఒక్కడే ఆశ్చర్యపోలేదు.

“నాకు ఆనాడే ఎర్క బామ్మర్దీ. రేడియోల ఎవలు దగ్గినా చెప్త నేను. నీ దగ్గు ఎర్కలేదా?”

“మరి చెప్పలేదేం బావా?”

“నువ్వే చెప్తవని చూసిన.”

దానికంటే నాలుగు తన్నినా బాగుండేది. మేస్త్రి అన్న లేచి, మంచం కింది డబ్బా తీసి రేడియో బావ ఒళ్లో పెట్టి, పళ్లెంలో అన్నం కలిపి ఆయన ముందుకు జరిపాడు. నాతో మాట్లాడలేదు. జ్యూరీ మళ్లీ కూర్చుంది, ఈసారి జడ్జి లేకుండానే. చేసిందేంటో నా గొంతుతోనే క్యాసెట్‌లో చెప్పి మేస్త్రి అన్న భార్యకు పంపాలని తీర్పు. రేడియో బావే మీట నొక్కాడు. రూమ్‌వాళ్లందరి ముందు, నోరు తెరిచాను, ఈసారి మాటలొచ్చాయి.

మూడు నెలలకు జవాబు క్యాసెట్ వచ్చింది. “తమ్మీ, నువ్వు చెప్పింది ఇన్నం. పోనీ తియ్యి, దిగులు వెట్టుకోకు” అంది ఆవిడ. తర్వాత పాప గొంతు, ముత్యాల్లాంటి మాటలు, “నాయినా, ఎప్పుడొస్తవే? నాకు గజ్జెలు తే.” రూమంతా చప్పట్లు. మేస్త్రి అన్న నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ వేయించుకుని విన్నాడు. ఆ తర్వాత ఎన్నాళ్లకో మొదటిసారి నాతో మాట్లాడాడు. “మంచిగ మాట్లాడ్తాంది తమ్మీ. గని ఆ దా దా అనుడు మర్శిపోయింది” అన్నాడు. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే.

ఇప్పుడు నేను జగిత్యాలలో ఉంటున్నాను. మీసాలు వచ్చి, తెల్లబడి కూడా చాలా కాలమైంది. చూడ్డానికి నెమ్మదస్తుడిలా కనిపిస్తానేమో, వీధిలో గోడ తగాదా, నీళ్ల తగాదా ఏదొచ్చినా నన్ను కుర్చీ వేసి కూర్చోబెడతారు. మొదలుపెట్టే ముందు, దీంతో నాకేదైనా సంబంధం ఉందా అని ఒకసారి లోపల వెతుక్కుంటాను. ఆ తర్వాత అందరికీ వినపడేలా గట్టిగా దగ్గుతాను, రేపు ఎక్కడైనా వినిపిస్తే గుర్తుపట్టడానికి వాళ్లకి సులువుగా ఉండాలి కదా. నీకీ పాడు దగ్గు ఎప్పుడు పోతుందని విసుక్కుంటూ మా ఆవిడ మిరియాల కషాయం పెట్టి ఇస్తుంది. ఆవిడకేం చెప్పను? తాగేస్తాను.